ఇంటి లెక్కలో ఇల్లాలి లెక్క ఏది?



ఈ సంచికకు అర్థశాస్త్రంలో ఒక పాఠం రాసి ఇవ్వమని ట్రస్టు వారు కోరినప్పుడు, పరీక్షలకు పనికివచ్చేదీ, ఇంట్లో పెద్దలు కూడా కూర్చుని చదవదగినదీ అయితే బాగుంటుందని తలచాను. మన దేశంలో పేదరికాన్ని ఎలా లెక్కిస్తారు, ఆ లెక్కలో ఆడవాళ్ళు ఎక్కడ కనిపిస్తారు, ఎక్కడ కనిపించకుండా పోతారు అన్నదే నేటి పాఠం. పుస్తకాల్లో దీన్ని 'జెండర్ దృక్పథం' అంటారు. ఆ మాట చూసి కంగారు పడనక్కరలేదు. భాగహారం వచ్చిన ఎవరికైనా ఈ పాఠం అర్థమవుతుంది.

మన పిల్లలు తలా ఒక భాషలో చదువుతున్నారు కనుక ఒక్క మాట ముందే చెబుతాను. మనం తెలుగులో దారిద్ర్య రేఖ అనేది బళ్ళారి పిల్లలకు 'బడతన రేఖె', హోసూరు వారికి 'వరుమైక్కోడు', మా షోలాపూర్ వారికి 'దారిద్ర్యరేషా', బరంపురం వారికి 'దారిద్ర్య సీమారేఖా'. పేరు ఏదైనా విషయం ఒకటే.

రేఖ ఎలా గీశారు?

దేశంలో పేదవారు ఎంతమంది అన్న ప్రశ్న స్వాతంత్ర్యానికి ముందే పుట్టింది. మనిషి ప్రాణం నిలుపుకోవడానికి ఎంత తిండి, ఎంత బట్ట కావాలో, వాటికి ఎంత ఖర్చవుతుందో దాదాభాయి నౌరోజీ లెక్క కట్టారు. జైలులో ఖైదీకి పెట్టే తిండి ఖర్చుతో పోల్చి కూడా చూశారు. ఆయన పుస్తకం 1901లో అచ్చయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో మహలనోబిస్ చొరవతో జాతీయ నమూనా సర్వే మొదలై, ఇంటింటి ఖర్చులు అడిగి రాసే పద్ధతి స్థిరపడింది. 1971లో దండేకర్, రథ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మనిషికి రోజుకు 2250 కెలోరీలు అందే ఖర్చును గీతగా పెట్టారు. 1979లో అలఘ్ కార్యదళం గ్రామాలకు 2400, పట్టణాలకు 2100 కెలోరీలు అంది.

ఈ 2400 ఒక మనిషి తినవలసిన కొలత కాదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పిల్లలు, ముసలివారు, ఆడవారు, మగవారు, ఒళ్ళు వంచి పనిచేసేవారు, కూర్చుని పనిచేసేవారు, వీరందరి అవసరాలనూ కలిపి తీసిన సగటు అది. అంటే రేఖ గీసే సమయంలో ఆడ మగ తేడా ఒకసారి లెక్కలోకి వచ్చింది. వచ్చి, సగటులో కరిగి మాయమైంది.

తర్వాత లక్డావాలా నిపుణుల బృందం (1993), టెండూల్కర్ కమిటీ (2009), రంగరాజన్ కమిటీ (2014) వచ్చాయి. 2011-12 సంవత్సరానికి టెండూల్కర్ పద్ధతి ప్రకారం గ్రామాల్లో మనిషికి నెలకు 816 రూపాయలు, పట్టణాల్లో 1000 రూపాయలు రేఖ. దాని ప్రకారం దేశ జనాభాలో 21.9 శాతం పేదలు. అదే సంవత్సరానికి రంగరాజన్ కమిటీ 972, 1407 రూపాయలు పెట్టి 29.5 శాతం అని చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వం కొత్త రేఖను అధికారికంగా ప్రకటించలేదు. పరీక్షలో ఈ అంకెలు అడుగుతారు, రాసిపెట్టుకోండి. నేను చెప్పదలచినది మాత్రం వీటి వెనుక ఉన్న ఒక చిన్న భాగహారం గురించి.

గుమ్మం దగ్గర ఆగిపోయే లెక్క

సర్వే ఉద్యోగి ఇంటికి వస్తాడు. బియ్యం ఎంత కొన్నారు, పప్పు ఎంత, నూనె ఎంత, చీరలు, చొక్కాలు, బస్సు ఛార్జీలు, మందులు, ఫీజులు, ఇలా వరసగా అడిగి రాసుకుంటాడు. మొత్తం కూడి ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగిస్తారు. వచ్చినదే తలసరి నెలవారీ వినియోగ వ్యయం. అది రేఖకు పైన ఉంటే ఇంట్లో అందరూ పేదలు కానట్టే, కింద ఉంటే అందరూ పేదలే. ఒకే ఇంట్లో ఒకరు పేద, ఇంకొకరు కాదు అనే మాటకు ఈ లెక్కలో చోటు లేదు.

ఆ ఫారంలో ఇంట్లోని ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది. వయసు, ఆడ మగ, చదువు, రోజుకు ఎన్నిసార్లు తింటారు, బయట ఎన్ని పూటలు తిన్నారు అన్నవి మనిషి మనిషికీ రాస్తూ వచ్చారు. ఎవరి కంచంలో ఎంత పడిందో మాత్రం అందులో ఉండదు.

ఊహించిన ఒక ఇల్లు చూద్దాం. 2011-12లో ఒక పల్లెలో ఐదుగురున్న కుటుంబం, నెల ఖర్చు 4500 రూపాయలు. తలకు 900. రేఖ 816 కనుక ఈ ఇల్లు పేదది కాదు. ఇప్పుడు గుమ్మం దాటి లోపలికి వెళదాం. తండ్రి మీద అయిన ఖర్చు, బయట టీ, టిఫిను, పొగాకు, ప్రయాణాలతో కలిపి 1300. కొడుకుకు 1100. కూతురికి 800. తల్లికి 700. నాయనమ్మకు 600. కూడి చూడండి, 4500 సరిపోయింది. 816 కంటే తక్కువ అందినవారు ముగ్గురు, ముగ్గురూ ఆడవారే. అధికార లెక్కలో మాత్రం ఈ ఇంట్లో పేదలు సున్న.

చురుకైన విద్యార్థి ఇక్కడ ఆక్షేపణ చెప్పాలి. నాయనమ్మ తిండి తక్కువే కదా, ఆమెకూ 816 ఎందుకు కావాలి? ఆక్షేపణ సరైనదే. సగటు మీద గీసిన రేఖను ఒక్కొక్క మనిషికి పెట్టి కొలవడం పూర్తిగా న్యాయం కాదు. ఎవరి అవసరానికి తగిన కొలత వారికి ఉండాలి. కానీ ఆ వాదన కూడా చివరికి మనిషి మనిషినీ విడిగా చూడాలనే చెబుతోంది.

గణాంక శాఖ వారిని నిందించడం సులువు. ఒకే కుండలో ఉడికిన అన్నాన్ని మనిషికింత అని విడదీసి రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. పైగా మన ఇళ్ళల్లో అమ్మను అడిగితే "అందరం ఒకటే తింటాం" అనే చెబుతుంది. ఆఖరున తినే మనిషి నోటి నుంచి వచ్చే మాట అది. అయినా ఆ పని చేసినవారు లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కింద 1972లో మొదలైన జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగం వారు ఊళ్ళలో ఇళ్ళకు వెళ్ళి, గిన్నెలు, గరిటెలు చూపించి, గడచిన 24 గంటల్లో ఎవరు ఏమి ఎంత తిన్నారో మనిషి వారీగా రాసుకునేవారు. మన తెలుగు గడ్డ మీద నుంచే నడిచిన ఈ పని గురించి మన పిల్లలకు తెలియాలి. కష్టమైనదే కానీ అసాధ్యం కాదని అది నిరూపించింది.

ఒంటిలోకి చేరిన తిండి ఏమిటో రక్తం చెబుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో 57 శాతం మందికి, అదే వయసు మగవారిలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కారణం ఒక్క తిండే కాదు. నెలసరి, కాన్పులు, నులిపురుగులు కూడా ఉన్నాయి. కలిగిన ఇళ్ళలోనూ రక్తహీనత ఉంటుంది. కాబట్టి దీన్ని పేదరికానికి మారుపేరుగా వాడకండి. ఇద్దరికీ ఒకే వంటిల్లు అయినప్పుడు ఇంత తేడా ఎందుకని అడగడానికి మాత్రం తప్పక వాడండి.

అతిగా చెప్పినా లెక్క చెడుతుంది

వక్తృత్వ పోటీల్లో మన పిల్లలు "ప్రపంచంలో పేదల్లో 70 శాతం మంది స్త్రీలే" అనడం నేను చాలాసార్లు విన్నాను. 1995లో ఐక్యరాజ్య సమితి మానవాభివృద్ధి నివేదికలో ఈ మాట వచ్చింది. అదే సంవత్సరం బీజింగ్‌లో ప్రపంచ మహిళా సదస్సు జరగడంతో అది ఊరూరా పాకింది. ఇల్లంతటినీ ఒక్కటిగా లెక్కించే పద్ధతిలో ఆ 70 అనే అంకె ఎలా వచ్చిందో ఎవరూ చూపలేకపోయారు. 1998లో జనాభా శాస్త్రజ్ఞుడు అలాన్ మార్కూ ఇది కుదిరే లెక్క కాదని వివరించారు.

మనమే చేసి చూద్దాం. 100 మంది పేదల్లో 70 మంది ఆడవారు, 30 మంది మగవారు అనుకోండి. అందులో 40 మంది పిల్లలైతే, పేద ఇంట్లో ఆడపిల్లలూ మగపిల్లలూ దాదాపు సమానంగానే పుడతారు కనుక 20 మంది బాలికలు, 20 మంది బాలురు. ఇక మిగిలిన 60 మంది పెద్దల్లో ఆడవారు 50, మగవారు 10. అంటే ప్రతి ఐదుగురు ఆడవారికి ఒక్క మగవాడు. అలాంటి వాడ మీరెక్కడైనా చూశారా? మంచి ఉద్దేశంతో చెప్పినా ఆధారం లేని అంకె ఎదుటివాడి చేతికి కర్ర ఇచ్చినట్టే.

ఆధారం ఉన్న అంకె ఎలా ఉంటుందో కూడా చెబుతాను. 2018లో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం కలిసి 89 దేశాల సర్వేలు పరిశీలించాయి. అతి పేద ఇళ్ళల్లో 25 నుంచి 34 ఏళ్ళ మగవారు 100 మంది ఉంటే, ఆ వయసు ఆడవారు 122 మంది ఉన్నారని తేల్చాయి. చంటిపిల్లలను పెంచే వయసు అది. పిల్లలు పెరిగే కొద్దీ ఇంట్లో తలలు పెరుగుతాయి, తల్లి సంపాదన తగ్గుతుంది.

2015లో దేశాలన్నీ ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో జాతీయ పేదరికాన్ని ఆడ మగ వారీగా, వయసు వారీగా చూపాలని ఉంది. ఇది ముందడుగే. కానీ పేద ఇళ్ళల్లో ఆడవారు ఎంతమంది అని విడదీసి చెప్పడం వేరు, పేద కాని ఇంట్లో పేదగా బతుకుతున్న మనిషిని పట్టుకోవడం వేరు. మొదటిదానికి పాత లెక్క చాలు. రెండోదానికి చాలదు.

ఇద్దరే ఉన్న ఇల్లు

భర్త లేని స్త్రీ నడిపే ఇల్లు ఎక్కువ పేదగా ఉంటుందని అందరం అనుకుంటాం. ఆర్థికవేత్తలు జీన్ డ్రెజ్, పి.వి. శ్రీనివాసన్ 1997లో జాతీయ నమూనా సర్వే వివరాలతో గ్రామీణ భారతంలో దీన్ని పరీక్షించారు. మామూలు తలసరి భాగహారం చేస్తే వితంతువుల ఇళ్ళు మిగతా ఇళ్ళకంటే పేదవిగా కనిపించలేదు. ఆశ్చర్యంగా ఉంది కదా? తర్వాత వారు చిన్న మార్పు చేశారు. పెద్ద కుటుంబానికి కలిసివచ్చే పొదుపును లెక్కలోకి తెచ్చారు. అది కాస్త ఉన్నా సరే, వితంతువుల ఇళ్ళల్లో పేదరికం ఎక్కువని తేలింది.

దీన్ని అద్దె ఇంటితో చెబితే తేలికగా అర్థమవుతుంది. ఒక ఇంట్లో ఐదుగురు, నెల ఖర్చు 15,000. పక్కింట్లో తల్లీ కూతురూ ఇద్దరే, ఖర్చు 6,000. రెండిళ్ళలోనూ తలకు 3,000. ఇద్దరూ సమానమే అంటుంది లెక్క. రెండిళ్ళ అద్దె ఒకటే, 3,000. అద్దె తీసేస్తే మొదటి ఇంట్లో తలకు 2,400 మిగిలింది, రెండో ఇంట్లో 1,500. తల్లీ కూతురికి గది, పొయ్యి, బల్బు పంచుకునే మనుషులు లేరు. వితంతువుల ఇళ్ళు చాలావరకు చిన్న ఇళ్ళు. మామూలు భాగహారం ఆ చిన్నతనాన్ని చూడదు.

ఈ పాఠంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. కొత్త సర్వే అక్కరలేదు, ఉన్న కాగితాలే చాలు. ప్రశ్న మారితే జవాబు మారింది.

పన్నెండు సూచికలు, రెండు రకాల నియమాలు

డబ్బు ఒక్కటే కాక చదువు, ఆరోగ్యం, జీవన వసతులు కూడా చూసే బహుముఖ పేదరిక సూచికను నీతి ఆయోగ్ తయారు చేసింది. 2023 నివేదిక ప్రకారం దేశంలో ఈ రకం పేదరికం 2015-16లో 24.85 శాతం, 2019-21 నాటికి 14.96 శాతం. మనం ఉన్న రాష్ట్రాల్లో 2019-21 అంకెలు చూస్తే తమిళనాడు 2.20, కర్ణాటక 7.58, మహారాష్ట్ర 7.81, ఒడిశా 15.68. యానాం చేరి ఉన్న పుదుచ్చేరి 0.85. తగ్గుదల నిజమైనదే, సంతోషించదగినదే.

ఇప్పుడు సూచికల నియమాలు జాగ్రత్తగా చదవండి. పోషణ సూచికలో ఇంట్లో ఏ ఒక్క చిన్నబిడ్డ, ఏ ఒక్క స్త్రీ, ఏ ఒక్క పురుషుడు పోషణ లోపంతో ఉన్నా ఇంటికి లోపం ఉన్నట్టే. ఇక్కడ ఒక్కరికి లేకపోతే ఇంటికి లేనట్టే. గర్భిణి ఆరోగ్యానికి విడిగా ఒక సూచిక పెట్టారు, అదీ మెచ్చుకోదగినదే. చదువు దగ్గరికి వచ్చేసరికి నియమం తిరగబడింది. పదేళ్ళు దాటిన వారిలో ఏ ఒక్కరు ఆరేళ్ళ చదువు పూర్తి చేసినా ఇంటికంతా చదువు ఉన్నట్టే. తండ్రి ఏడో తరగతి చదివి ఉంటే చాలు, వేలిముద్ర వేసే అమ్మ, బడి మానిపించిన అక్క కూడా చదువు లేమి లేని ఇంటివారే అవుతారు. బ్యాంకు ఖాతా సూచికా ఇంతే. ఇంట్లో ఒక్కరికి ఖాతా ఉంటే చాలు. అదే కాలంలో కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీలను నేరుగా అడిగితే, తాము స్వయంగా వాడుకునే ఖాతా ఉందన్నవారు 78.6 శాతం. నూటికి ఇరవైమందికి పైగా స్త్రీలకు అలాంటి ఖాతా లేదు.

బడిలో చదివే పిల్లలు దీన్ని పట్టికగా వేసుకోవచ్చు. ఒక పక్క "ఒక్కరికి లేకపోతే ఇంటికి లేనట్టు" అనే నియమం, ఇంకో పక్క "ఒక్కరికి ఉంటే ఇంటికంతా ఉన్నట్టు" అనే నియమం. ఏ సూచిక ఏ పక్కకు వస్తుందో చూస్తే ఆడవాళ్ళు ఎక్కడ మాయమవుతారో తెలిసిపోతుంది.

చదువు ఖర్చు విషయంలో ఇంకో మాట. ఇంటి మొత్తం ఖర్చు చూసి ఆడపిల్లకు తక్కువ పెడుతున్నారా అని కనిపెట్టబోతే చాలాసార్లు తేడా దొరికేది కాదు. 2005లో గీతా కింగ్డన్ అనే పరిశోధకురాలు పిల్లవాడి ఖర్చు, పిల్ల ఖర్చు విడివిడిగా ఉన్న వివరాలు తీసుకుని చూస్తే తేడా బయటపడింది. అసలు బడికే పంపకపోవడం ఆ తేడాలో పెద్ద భాగమని కూడా తేలింది.

బీడీ చుట్టే చేతికి ఏ అంకె?

తెలంగాణ నుంచి తరాల క్రితం మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన మన వాళ్ళు షోలాపూర్‌లో వాడలకు వాడలుగా ఉన్నారు. మగవారు మగ్గాల కార్ఖానాలకు, ఆడవారు బీడీలకు. నేను ఇక్కడ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ ఇళ్ళల్లో జరిగే పని చూడండి. కార్డు తల్లి పేరున ఉంటుంది, కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆకు నానబెట్టేది, కత్తిరించేది బడి నుంచి వచ్చిన కూతురు. చుట్టేది తల్లి. మూతులు మడిచేది కళ్ళు సరిగా కనపడని అమ్మమ్మ. ముగ్గురి పని, ఒక్కరి పేరు.

సర్వేలో ప్రతి మనిషికీ పనిని బట్టి ఒక అంకె వేస్తారు. చదువుకునేవారికి 91. ఇంటిపని మాత్రమే చేసేవారికి 92. ఇంటిపనితో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత ఏరి తేవడం, ఇంటి కోసం బట్టలు కుట్టడం వంటివి చేసేవారికి 93. ఈ రెండు అంకెలవారూ పనివారి లెక్కలోకి రారు. కూలి లేకుండా ఇంటి వ్యాపారంలో, సేద్యంలో సాయపడేవారికి 21, వారు వస్తారు. పై ఇంటి అమ్మమ్మకు మీరైతే ఏ అంకె వేస్తారు?

ఈ చిక్కు ఇప్పటిది కాదు. స్త్రీల స్థితిగతులపై వేసిన కమిటీ 1974లో 'సమానత్వం దిశగా' అనే నివేదిక ఇచ్చాక ఒత్తిడి పెరిగింది. 1977-78 సర్వేలో ఇంటిపని అని రాసిన స్త్రీలను మరికొన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. 1991 జనాభా లెక్కల్లో "పని చేశారా?" అన్న ప్రశ్న పక్కన, పొలంలో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసిన పని కూడా కలిపి చెప్పాలని రాశారు. ఒక్క వాక్యం చేర్చడానికి ఇన్నేళ్ళు పట్టింది.

గంటల లెక్క ఇంకా ఆలస్యమైంది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా కాలవినియోగ సర్వే జరిపారు. ఆ ఆరింటిలో తమిళనాడు, ఒడిశా ఉన్నాయి. దేశమంతటికీ మొదటి సర్వే 2019లో, రెండోది 2024లో జరిగాయి. 2019లో జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేశారు. 2024లో 289, 88.

ఇక్కడ పరీక్షకు పనికివచ్చే మెలిక ఒకటుంది. ఆ 97 నిమిషాలు ఇంటిపని చేసిన మగవారి సగటు మాత్రమే. 2019లో అలా చేసినవారు మగవారిలో 26.1 శాతం, ఆడవారిలో 81.2 శాతం. చేయనివారిని కూడా కలిపి సగటు తీస్తే మగవారికి దాదాపు 25 నిమిషాలు, ఆడవారికి దాదాపు 243 నిమిషాలు. సగటు ఎవరి మీద తీశారో చూడకుండా అంకె చెప్పకూడదు.

స్త్రీల శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం ఉంటే 2023-24కు 41.7 శాతానికి పెరిగింది. కానీ 2023-24లో పనిచేసే స్త్రీలలో మూడో వంతుకు పైగా ఆ 21 అంకెవారే, అంటే చేతికి కూలి రానివారు. పని లెక్కలోకి వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

ప్రభుత్వాలు ఈ సంగతి ఒక విధంగా ఒప్పుకున్నాయనే చెప్పాలి. 2023లో కర్ణాటకలో గృహలక్ష్మి, తమిళనాడులో కలైంజర్ మగళిర్ ఉరిమై తొగై, 2024లో మహారాష్ట్రలో లాడ్కీ బహీణ్, ఒడిశాలో సుభద్ర పథకాలు మొదలయ్యాయి. అన్నింటిలోనూ డబ్బు నేరుగా స్త్రీ ఖాతాలోకే. ఇంటికి వచ్చిన డబ్బు ఇల్లాలికి వచ్చినట్టు కాదన్న ఎరుక లేకపోతే అలా ఎందుకు పెడతారు? పథకాలకు తెలిసిన ఈ విషయం పేదరికం లెక్కకు ఇంకా చేరలేదు. లెక్కలోకి రాకపోతే, ఆ డబ్బు వల్ల ఆమె పేదరికం తగ్గిందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

మన దరఖాస్తు ఫారం

ఇప్పుడు మన సంగతి. ఉపకార వేతనాల దరఖాస్తులు చూసే పనిలో కొన్నేళ్ళుగా నేనూ ఒక చేయి వేస్తున్నాను. ఫారంలో తల్లి వృత్తి అన్న చోట ఎక్కువమంది 'గృహిణి' అనీ, ఆదాయం అన్న చోట ఒక గీతా రాస్తారు. వాడకు వెళ్ళి విచారిస్తే ఆమె బీడీలు చుడుతుంది, లేక జాకెట్లు కుడుతుంది, లేక పూలు కడుతుంది. రాస్తే ఆదాయం పరిమితి దాటి వేతనం పోతుందని కొందరు తండ్రుల భయం. మరికొందరికి అది పనే అనిపించదు. రెండో కారణమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

పరిమితి కుటుంబ వార్షికాదాయం మీదే ఉంది. నమూనా సర్వే చేసే భాగహారమే మనమూ చేస్తున్నాం. ఇల్లు పరిమితికి కాస్త పైన ఉంటుంది, అన్నయ్య ఇంజనీరింగ్ సీటుకు ఉన్నదంతా కట్టేస్తారు, చెల్లెలికి డిగ్రీ ఫీజు ఉండదు. మన కాగితం ప్రకారం ఆ అమ్మాయి అర్హురాలు కాదు. అందుకని ఫారంలో మూడు గడులు చేర్చాలని ట్రస్టు వారికి ప్రతిపాదన ఇచ్చాను. తల్లి చేసే పని ఏమిటి, ఎన్ని గంటలు? ఇంట్లో చదివే ప్రతి బిడ్డ మీద నిరుడు అయిన ఖర్చు విడివిడిగా ఎంత? దరఖాస్తు చేసిన విద్యార్థి రోజూ ఇంటిపనికి, ఇంట్లో కూలి పనికి పెట్టే గంటలు ఎన్ని? మూడో గడి ముఖ్యంగా మార్కుల పక్కన పెట్టి చూడాలని నా కోరిక. రోజుకు నాలుగు గంటలు ఆకు కత్తిరించి 68 శాతం తెచ్చుకున్న పిల్లనూ, ఏ పనీ లేకుండా 75 తెచ్చుకున్న పిల్లవాడినీ ఒకే వరుసలో నిలబెట్టి మార్కులు చూడడం నాకు న్యాయంగా తోచదు. దీనికి అభ్యంతరాలు వచ్చాయి. గంటలు ఎక్కువ చేసి రాస్తారని ఒకటి, ఇంటి గుట్టు అడిగినట్టవుతుందని మరొకటి. రెండూ కొట్టివేయదగినవి కావు. ఆదాయం తక్కువ చేసి రాసేవారు ఇప్పుడూ ఉన్నారు, అయినా ఆ గడి తీసేయలేదు కదా అన్నది నా జవాబు. నిర్ణయం కమిటీ వారిది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. కొత్త గడులు వచ్చినా రాకపోయినా, తల్లి చేసే పని పేరు రాయండి.

అభ్యాసం

సెలవు రోజు ఒకటి, బడి ఉన్న రోజు ఒకటి ఎంచుకోండి. పెద్ద కాగితం మీద తెల్లవారుజామున 4 గంటల నుంచి మరునాడు తెల్లవారుజామున 4 గంటల వరకు అరగంటకు ఒక గడి చొప్పున 48 గడులు గీయండి. కాలవినియోగ సర్వేలోనూ ఇదే పద్ధతి. ఇంట్లో ఆరేళ్ళు దాటిన ప్రతి మనిషికీ ఒక నిలువు వరుస పెట్టండి. ఏ గడిలో ఏ పని జరిగిందో, దానికి డబ్బు వచ్చిందో లేదో రాయండి. నాన్న వరుస నాన్ననే అడిగి రాయండి, అమ్మ వరుస మాత్రం పక్కన ఉండి చూసి రాయండి. అడిగితే "ఏముంది, ఇంట్లోనే ఉన్నాను" అంటుంది. ఒకే అరగంటలో రెండు పనులు జరిగితే, అన్నం ఉడుకుతుండగా తమ్ముడికి లెక్కలు చెప్పడం వంటివి, రెండూ రాయండి. చివరగా ఒక్కొక్కరి వరుస కింద 21, 91, 92, 93లలో ఏ అంకె సరిపోతుందో వేయండి. ఏదీ సరిపోకపోతే ఖాళీగా వదిలి, ఎందుకు సరిపోలేదో రెండు వాక్యాల్లో రాసి బులెటిన్‌కు పంపండి.